మంచు కోసం కొబ్బరికాయ

విన్నిపెగ్‌లో ఈ పూట చలి ఎంతుందో భానుప్రియని అడిగితే టక్కున చెబుతుంది. రంగూన్‌లోని లత పేటలో తాముండే మేడ కింద నీళ్ళ మోటారు ఎప్పుడు పాడైందో అడిగితే మాత్రం తడుముకుంటుంది. ఆ పిల్లని తప్పు పట్టి లాభం లేదు. జీతమిచ్చేది విన్నిపెగ్ చలే కానీ, రంగూన్ మోటారు కాదు కదా.

చీకటి విడవకముందే అదే ఊళ్ళో సంచౌంగ్ పేటలో ఉన్న ఆఫీసుకి చేరాలి. ఇక్కడ తెల్లారేసరికి కెనడాలో పొద్దు గుంకుతుంది. అక్కడ ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి రోజూ సాయంత్రం ఫోన్ చేసి, మాత్రలు వేసుకున్నారా, ఏం తిన్నారు, కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి అని అడగడం, ఆ తర్వాత కాసేపు కబుర్లాడడం ఆమె ఉద్యోగం. దూరాన ఉన్న పిల్లలు ఈ పలకరింపుల కోసం ఒక కంపెనీకి డబ్బు కడతారు. ఆ కంపెనీ ఈ పనిని ఇక్కడి ఆఫీసుకి అప్పజెబుతుంది. కన్నబిడ్డలు అడగవలసిన మాట అద్దెకి కూడా దొరుకుతుందని రంగూన్‌లోని మా తెలుగువాళ్ళకి ఈ ఉద్యోగం వచ్చాకే తెలిసింది.

ఈ పనిలో ఒకే ఒక్క నియమం ఉంది. ఎక్కడినుంచి మాట్లాడుతున్నదీ చెప్పకూడదు. "నేనూ మీ ఊళ్ళోనే ఉంటాను" అనాలి. ఆ ఊళ్ళో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి భానుప్రియ యాసకి అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. అందుకని పొద్దున్నే ఫోన్ అందుకునే ముందు, పరీక్షకి చదివినట్టు కెనడా చదువుకుంటుంది. నిన్న హాకీలో ఎవరు గెలిచారు, ఏ రోడ్డు మీద మంచు తీశారు, ఏ వీధిలో చెత్త బండి రాలేదు, అమెరికావాడు వేసిన సుంకాల మీద మంత్రులు ఏమన్నారు. ఫ్రిజ్ మూలలో తప్ప మంచు ఎరగని పిల్ల, నిన్న పడ్డ మంచు పొడిదో తడిదో చెప్పగలదు.

చెప్పకేం చేస్తుంది. తండ్రి లేడు. తమ్ముడు సుశాంత్‌ని ఎక్కడ సైన్యంలోకి పట్టుకుపోతారో అని ఏటి అవతల తన్లిన్ ఊళ్ళో మేనత్త ఇంట్లో దాచారు. వాడు అక్కడ గడప దాటడు. ఇక్కడ తల్లి సన్యాసమ్మ మేడ దిగదు. ఈ రెండిళ్ళ పొయ్యిలోనూ మండేది భానుప్రియ జీతమే.

ఆమె ఫోన్ చేసే ముసలివాళ్ళలో డొరీన్ ఒకరు. ఎనభై దాటాయి. మొగుడు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. కూతురు వాంకూవర్‌లో ఉంటుంది. పేరు పెట్టి పిలవమని కంపెనీవాళ్ళు చెప్పారు గానీ, అమ్మమ్మ వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి భానుప్రియ నోరు పెగల్లేదు. మొదటిరోజే "ఆంటీ" అంది. అవతల ముసలావిడ కాసేపు నవ్వింది. తనని ఎవరైనా అలా పిలిచి ముప్ఫై ఏళ్ళయిందంది.

డొరీన్‌ది చిన్న నోరు కాదు. ఊరి హాకీ జట్టు ఓడిపోతే, ఆ ఆటగాళ్ళని తనే కని పాడుచేసుకున్నట్టు తిట్టేది. కిందటి శరత్కాలంలో టొరంటో బేస్‌బాల్ జట్టు చివరి ఆటలో ఓడినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదంది. సుంకాల గొడవ మొదలయ్యాక అమెరికా నారింజలు ముట్టడం మానేసింది. షాపులో కళ్ళజోడు సవరించుకుని ప్రతి డబ్బా వెనకా ఏ దేశమో చదివి, అమెరికా అని ఉంటే అందరూ చూసేలా తిరిగి అరలో పెట్టేసేదట. "నాకు చేతనైన యుద్ధం ఇదే ప్రియా," అనేది. ఫోన్‌లో భానుప్రియ పేరు ప్రియే.

కబుర్లలో భానుప్రియ తల్లి గురించీ, తల్లి వండే చేపల పులుసు గురించీ, తమ్ముడి గురించీ చెప్పింది. తమ్ముడు ఇంట్లోంచి బయటికి రాడని కూడా చెప్పింది, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఊరొక్కటే అబద్ధం, మిగతాదంతా నిజం. అలాంటి అబద్ధమే మనిషికి బాగా అంటుకుంటుంది. చలికాలం రాగానే డొరీన్, "కార్లో ఒక కొవ్వొత్తీ, దుప్పటీ పెట్టుకో. దారిలో ఆగిపోతే గడ్డకట్టుకుపోతావు," అని జాగ్రత్త చెప్పింది. కారు లేని భానుప్రియ "అలాగే ఆంటీ" అంది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

జనవరిలో ఒకరోజు డొరీన్ అడిగింది. "వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మీ అమ్మని కూడా తీసుకురా."

భానుప్రియ ఏమీ ఆలోచించలేదు. "తప్పకుండా వస్తాను ఆంటీ," అంది.

ఇందులో ఆలోచించడానికేముంది? మావాళ్ళలో పెద్దవాళ్ళు పిలిస్తే రానని మొహమ్మీద చెప్పడం పాపం కిందే లెక్క. ఎవరు పిలిచినా వస్తాననాలి. పిలిచినవాళ్ళకీ తెలుసు, వస్తానన్నవాళ్ళకీ తెలుసు. ఆ రోజున రాకపోతే "ఏటి, కాచుకుని కాచుకుని కళ్ళు కాయలు కాసినాయి" అని ఒక దెప్పు, "ఒంట్లో బాగా నేదు పిన్నీ" అని ఒక జవాబు, అంతటితో సరి. బర్మావాళ్ళు ఇంకా నయం, వాళ్ళు దీనికి పేరే పెట్టారు, ఆనా అని. ఎదుటివాళ్ళ మనసు నొప్పించే మాట నోటికి రాకపోవడం. అటు అమ్మ దగ్గరా, ఇటు వీధిలోనూ కాదనడం నేర్చుకోని పిల్ల, కాదని ఎలా అంటుంది? మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా.

డొరీన్ ఆ మాటని అక్కడితో వదల్లేదు. "ఐదింటికి సరేనా? నువ్వు ఆవు మాంసం తినవు కదా, బంగాళాదుంప పెట్టి పెరోగీలు చేస్తాను. మీ కారు ఇంటి ముందే పెట్టుకోవచ్చు," అంది. పెరోగీలంటే మన కజ్జికాయల్లా మడిచి, ఉడకబెట్టి చేస్తారట. ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం అదే కబురు. పిండి కొన్నానంది. మంచి పళ్ళాలు కింద గదిలోంచి పైకి తెచ్చానంది. ఎదురింటి గోర్డ్‌కి కూడా చెప్పానంది.

భానుప్రియకి అప్పుడు తెలిసింది. నిజంగానే వండేస్తోంది ముసలావిడ. నిజంగానే ఎదురుచూస్తుంది. ఆ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, చల్లారిన కూడు ముందు పెట్టుకుని, ఆఖరికి "ఈ పిల్ల కూడా ఇంతే" అనుకుంటుంది. ఆ ఒక్క మాట ఆవిడ అనుకోకూడదు. భానుప్రియకి అన్నిటికన్నా అదే భయమైంది.

ఆఫీసులో పైమనిషి, మ తీరి అనే బర్మా ఆవిడకి చెప్పుకుంది. మ తీరి చెడ్డది కాదు, భయస్తురాలు. "నిజం చెబితే నీ ఉద్యోగం పోతుంది, నీతోపాటు నాదీ పోతుంది," అంది బర్మీస్‌లో. "అక్కడ మంచు తుఫాను వస్తే ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. ఆ రోజు మంచు పడితే రోడ్లు మూశారని చెప్పెయ్. కోపం కూడా రాదు."

మాట బాగానే ఉంది. కానీ ఆ వారమంతా విన్నిపెగ్‌లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. చలి కరకరలాడుతోందే తప్ప మంచు రాలడం లేదు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. సన్యాసమ్మ అంతా విని, ముందు కూతుర్నే మెచ్చుకుంది. "పెద్దది పిలిత్తే రాననీసి సెప్తావేటి? మంచిపనే సేసినావు. ఇప్పుడేటి, మంచు గావాల, అంతే గదా? అమ్మోరికి మొక్కుకుందుము."

"అమ్మా, మంచు కోసం మొక్కుతారేటి ఎవరైనా?"

"వాన కోసం మొక్కుతారు, కాన్పు కోసం మొక్కుతారు. మంచు మాత్రం అమ్మోరు సేతిలో నేదేటి?"

మోకాళ్ళ నొప్పితో నెలల తరబడి మేడ దిగని మనిషి ఆ సాయంత్రం మెట్లన్నీ దిగింది. గుళ్ళో పూజారి దండాసి గారు గోత్రనామాలు అడిగి, కోరికేటమ్మా అన్నాడు. సన్యాసమ్మ సిగ్గుపడకుండా చెప్పింది. కెనడాలో ఆదివారం మంచు పడాల, గట్టిగా పడాల, పడితే కొబ్బరికాయ కొడతాను. దండాసి గారు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఈ మధ్య అందరి కోరికలూ అలాగే ఉన్నాయనుకున్నాడో ఏమో, మారు మాట లేకుండా మంత్రం చదివేశాడు. భానుప్రియకి నవ్వొచ్చింది. తర్వాత తనూ కళ్ళు మూసుకుని, నవ్వు లేకుండా, అదే కోరుకుంది.

అమ్మవారు విన్నది. శుక్రవారం నుంచే విన్నిపెగ్ వార్తల్లో తుఫాను హెచ్చరిక మొదలైంది. శనివారం రాత్రి మొదలై ఆదివారం మధ్యాహ్నం దాకా మంచు, గాలి, అవసరముంటే తప్ప బయటికి రావొద్దు. ఆఫీసు గోడ మీది తెరలో ఆ హెచ్చరిక చూసి భానుప్రియ హాయిగా ఊపిరి పీల్చుకుంది. మ తీరి, బర్మావాళ్ళు ఇష్టంగా తినే ఊరేసిన తేయాకు సలాడ్ పొట్లం తెచ్చి పెట్టింది. ఇద్దరూ పండగ చేసుకున్నారు.

అక్కడ శనివారం సాయంత్రం, ఇక్కడ ఆదివారం పొద్దున్న, డొరీన్‌తో మాట్లాడినప్పుడే భానుప్రియ సంగతి కదిపింది. "రేపు మంచు చాలా పడుతుందట ఆంటీ."

ఇక్కడ మావాళ్ళెవరైనా అయితే ఈ మాట పట్టుకుని వెంటనే తప్పుకునే తలుపు తీసి పెడతారు. "అయ్యో, ఇంత వానలో ఏం వస్తావే, ఇంకోసారి వద్దువుగానిలే" అంటారు. పిలిచినవాళ్ళే వదిలెయ్యాలి, అది పద్ధతి. భానుప్రియ ఆ మాట కోసమే చెవి ఒగ్గి కూర్చుంది.

"ఏం భయం లేదు," అంది డొరీన్. "మధ్యాహ్నానికి ఆగిపోతుందంటున్నారు. పెద్ద రోడ్ల మీద మంచు మునిసిపాలిటీవాళ్ళే తీసేస్తారు. మా ఇంటి ముందు దారి నేను శుభ్రం చేసి ఉంచుతాను. నీ కారు సాఫీగా లోపలికి వచ్చేస్తుంది."

ఎనభై దాటిన మనిషి మంచు తవ్వుతుందా? ఇది మర్యాదకి అన్న మాటేనని భానుప్రియ అనుకుంది. మా సన్యాసమ్మ కూడా ఎవరైనా వస్తానంటే మెట్లన్నీ కడిగించేస్తాను, మేళం పెట్టించేస్తాను అంటుంది. చీపురు ముట్టుకున్న పాపాన పోదు. "మీరు శ్రమపడకండి ఆంటీ," అని మర్యాదకి మర్యాద జవాబు చెప్పి, భానుప్రియ ఫోన్ పెట్టేసింది. మర్నాడు పని ఎక్కగానే, అక్కడ భోజనాల వేళకి కాస్త ముందు, రోడ్డు మూశారని చెప్పేద్దామనుకుంది. మరీ ముందుగా చెబితే నమ్మరు.

అక్కడ మంచు పడడం మొదలైందని తెలియగానే సన్యాసమ్మ ఆగలేదు. ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి కాయ కొట్టి, చెక్కలు తెచ్చి పచ్చడి నూరేసింది. కొబ్బరి లేతగా ఉందని ఇద్దరూ మెచ్చుకుని తిన్నారు.

సోమవారం భానుప్రియ ఆఫీసు మెట్లు ఎక్కేసరికి లోపల అందరూ కుర్చీల్లో చేతులు ముడుచుకుని ఉన్నారు. ఇంటర్నెట్ లేదు. కరెంటు పోతే జనరేటర్ ఉంది, ఇంటర్నెట్ పోతే ఏమీ లేదు. సంచౌంగ్ మొత్తం పోయిందన్నారు. ఎందుకు పోయిందని ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. ముసలివాళ్ళ నంబర్లు కంపెనీ కంప్యూటర్‌లోనే దాగుంటాయి, ఫోన్ చేసేవాళ్ళకి కనబడవు. తన సెల్‌ఫోన్‌లోంచి చేద్దామన్నా నంబరు తెలియదు. అక్కడ ఐదయింది. ఆరయింది. భానుప్రియ మాటిమాటికీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసేది, అక్కడ ఏదో తెలుస్తుందన్నట్టు. కింద టీ దుకాణం వాడు పొయ్యి విసురుకుంటున్నాడు. పళ్ళాలు పెట్టుకుని కూర్చుని ఉంటుంది, అనుకుంది. చూసి చూసి కోపంతో అన్నీ తీసేస్తూ ఉంటుంది, అనుకుంది. అంతకన్నా ఘోరం ఆమె ఊహకి అందలేదు.

లైను వచ్చేసరికి ఇక్కడ ఎండ బాగా ఎక్కింది, అక్కడ రాత్రి పడింది. భానుప్రియ అందరికన్నా ముందు తెర మీద డొరీన్ పేరే నొక్కింది. మొదటి రింగుకే ఎత్తారు. ఒక మగ గొంతు.

"ప్రియా? నువ్వు ప్రియవేనా?"

"అవునండీ. డొరీన్ ఆంటీ..."

"నేను ఎదురింటి గోర్డ్‌ని. బతికి బయటపడ్డావు, అంతే చాలు. ఎక్కడున్నావమ్మా? కారు ఎక్కడ ఆగిపోయింది? నీ కోసం పోలీసులు ఊరి రోడ్లన్నీ వెతుకుతున్నారు. ఈ వీధి కుర్రాళ్ళు ఇద్దరు మంచు బళ్ళు వేసుకుని బయల్దేరారు. నీ దగ్గర దుప్పటి ఉందా?"

"ఆంటీ ఏరి?" అంది భానుప్రియ.

గోర్డ్ మెల్లగా చెప్పాడు. మంచు ఆగగానే డొరీన్ పార పట్టుకుని బయటికి వచ్చింది. ఒక గంట ఆగితే తన మంచు యంత్రం తెచ్చి చేసిపెడతానని అతను కిటికీలోంచే కేకేసి చెప్పాడు. ఆ పిల్ల ఐదింటికల్లా వచ్చేస్తుంది, ఆగేందుకు వీల్లేదంది. గుమ్మం నుంచి వీధి దాకా దారంతా తనే తీసింది. ఆఖరి పార మంచు ఎత్తి పోసి, ఆ గుట్టకే ఆనుకుని కూర్చుండిపోయింది. అలసి కూర్చుందనుకున్నాడట. అతను బూట్లు వేసుకుని వచ్చేసరికి ప్రాణం లేదు.

"కూతురికి కబురు చెప్పాను," అన్నాడు. "నువ్వు వస్తే తలుపు తీసే మనిషి ఉండాలని నేనిక్కడే కూర్చున్నాను. బయట లైటు కూడా వేసి ఉంచాను. ముందు నువ్వెక్కడున్నావో చెప్పు. ఈ ఒక్కరోజు ఇద్దర్ని పోగొట్టుకోలేం మేము."

పక్కనే ఇంకో హెడ్‌ఫోన్‌లో వింటున్న మ తీరి రెండు చేతులూ ఊపింది. ఇంట్లోనే ఉన్నానని చెప్పెయ్, అని పెదాలతోనే అంది. భానుప్రియ ఆమె వంక చూసింది. రాత్రివేళ, ఆ గాలిలో, లేని కారు కోసం ఇద్దరు కుర్రాళ్ళు తిరుగుతున్నారు. ఇంట్లో ఉన్నానంటే ఏ ఇల్లని అడుగుతాడు. ఇంకెన్ని చెప్పాలి. చెప్పి చెప్పి ఎవర్ని చంపాలి.

"నేను రోడ్డు మీద లేనండీ," అంది. "నేను బయల్దేరనే లేదు. నేను మీ ఊళ్ళోనూ లేను, మీ దేశంలోనూ లేను. రంగూన్‌లో ఉన్నాను. వెతకొద్దని చెప్పండి, ఆ కుర్రాళ్ళని వెనక్కి పిలవండి."

మ తీరి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసి, మొహం చేతుల్లో దాచుకుంది.

"రంగూన్," అన్నాడు గోర్డ్. "మొదటినుంచీ అక్కడేనా?"

"మొదటినుంచీ ఇక్కడే."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అతను తిట్టలేదు.

"ఆమెకి చెప్పాల్సిందమ్మా," అన్నాడు. "ఏమీ అనుకునేది కాదు. ఫోన్ నీ పళ్ళెం పక్కన పెట్టుకుని, నీతో మాట్లాడుతూ తినేది."

ఫోన్ పెట్టేశాడు. భానుప్రియ వెక్కి వెక్కి ఏడ్చింది. వరసలో ఉన్న మిగతా పిల్లలు కాసేపు ఆమె వంక చూసి, తమ తమ ముసలివాళ్ళకి ఫోన్లు చేసుకున్నారు. "మా వైపు కూడా మంచు బాగా పడింది," అంటోంది ఒకమ్మాయి పక్క కుర్చీలో. ఉద్యోగం సంగతి రేపు చెబుతానంది మ తీరి. చెప్పేదేముందో ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి సన్యాసమ్మ గుమ్మంలోనే ఉంది. కూతురి మొహం చూడగానే పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, నీళ్ళిచ్చి, మొత్తం కక్కించింది.

"ఆ ముసిల్ది ఒక్కర్తీ తీసినాదేటి, అంత మంచూ?" అంది సన్యాసమ్మ.

"ఒక్కర్తే."

"నీ కోసరమేనా?"

"నా కోసరమే అమ్మా."

సన్యాసమ్మ కూతురి వంక తెల్లబోయి చూసింది. "నువ్వు రావనీసి ఆవిడికి తెల్దేటే?"

"తెల్దమ్మా," అంది భానుప్రియ. "ఒస్తానని సెప్పినాను గదా."